పిండిన నీళ్ళు

ఆ ఏడు మృగశిర కార్తెలో మొదట చిరిగింది సర్పంచి భార్య చీర. ఇంకా రెండు ఉతుకులైనా చూడని నేత చీర. ఆరేసిన తీగ మీద నుంచి తీస్తుంటే భుజం దగ్గర జల్లెడలా కనిపించింది. మర్నాడు బడి పంతులు చొక్కా. వారం తిరిగేసరికి పదకొండు ఇళ్ళ బట్టలు. తంగెళ్ళగడ్డలో నేను నలభై ఏళ్ళుగా బట్టలు ఉతుకుతున్నాను. ఒక ఇంట్లో ఒక గుడ్డ చిరిగితే పొరపాటు అంటారు. పదకొండు ఇళ్ళలో చిరిగితే ఊరు వేరే మాట అంటుంది. కొమురవ్వకు చూపు తగ్గింది, చౌడు చారెడు వేయాల్సిన చోట దోసెడు వేస్తోంది అన్నారు.

చౌడంటే ఉప్పులా తెల్లగా పొంగే మన్ను. మా ఊళ్ళో అది లేదు. మూడు కోసుల అవతల పడావు పడ్డ చౌట భూముల నుంచి గంపలకెత్తి తెచ్చుకుంటాం. సబ్బులు రాకముందు నుంచీ మా చాకలోళ్ళకు అదే సబ్బు. ఏ బట్టకు ఎంత వేయాలో చూసి చెప్పనక్కరలేదు, నా వేళ్ళకే తెలుసు.

నేను నోటితో వాదించలేదు. ఒక తెల్లగుడ్డ ఉతికి, నడిమికి చింపి, ఒక ముక్క ఇంట్లో దూలానికీ ఇంకో ముక్క బయట తీగకూ కట్టాను. మూడు వానలు కురిశాక రెండూ తీసుకుని పంచాయతీ అరుగు మీదికి పోయాను. ఇంట్లో ముక్కను సర్పంచీ ఆయన తమ్ముడూ చెరో కొస పట్టి గుంజినా పీలిక రాలేదు. బయటి ముక్కను నేను వేలితో పొడిస్తే తడిసిన అప్పడంలా విడిపోయింది.

"చింపింది వాన. నేను కాదు" అన్నాను. "ఇగ ఆ వానకే చెప్పుండ్రి, జర చౌడు తక్కువెయ్యుమని."

వాన అని తెలిశాక మిగతావి ఒక్కొక్కటే కళ్ళకు ఆనాయి. చిక్కుడాకుల మీద గోధుమరంగు మచ్చలు. చింతచెట్ల తలలు బోడిగా. వాగులో నత్త పెంకును వేళ్ళ మధ్య నొక్కితే సుద్దలా పొడి. ఆ ఏడు కప్పలు అరవలేదు. ఎందుకు అరవలేదని అప్పటిదాకా ఎవరమూ అడగలేదు. ఉత్తరాన బొగ్గుతో కరెంటు తీసే ఫ్యాక్టరీ ఉంది. దాని పొగగొట్టాలు మా ఊరి నుంచి చూస్తే నాలుగు అగ్గిపుల్లలంత ఉంటాయి. ఆ పొగ మబ్బుల్లో చేరి, నీళ్ళతో కలిసి పులిసి, ఆమ్లమై మా మీద కురుస్తోందని తర్వాత వైదేహి మేడం చెప్పింది.

వైదేహి మేడం ఎర్రగుట్ట మీద కొత్తగా వెలిసిన ప్రయోగశాలలో శాస్త్రవేత్త. నా రెండు ముక్కల సంగతి ఎవరో చెబితే జీపులో వచ్చి, వాటిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తమ పరికరాలు నెలరోజులకు చెప్పిన మాట నేను మూడు వానల్లో చెప్పానంది. నాకు పని కూడా ఇచ్చింది. ప్రతి బుధవారం వాగు నీళ్ళు ఒక సీసా, బావి నీళ్ళు ఒక సీసా పట్టి గుట్ట మీదికి పంపాలి. సీసాలు శుభ్రం చేసే పంపుతామని, వాటిని కడగొద్దని, ఏ నీళ్ళు పట్టాలో ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి నింపమని చెప్పింది. సరే అన్నాను. సీసాల మీద చీటీలు రాయాలి గనక యాభై రెండేళ్ళ వయసులో అక్షరాలు పట్టుకున్నాను. వాగు, బావి, బుధవారం, కొమురవ్వ. ఆ నాలుగు మాటలతో మొదలైంది.

నేర్పింది నా కూతురు సరూప. వాళ్ళ నాయన పోయేనాటికి దానికి నాలుగేళ్ళు. ఉతికే బండ పక్కన కూర్చోబెట్టుకుని పెంచాను, సైన్సు డిగ్రీ దాకా చదివించాను. దానికీ ఆ ప్రయోగశాలలోనే సహాయకురాలిగా ఉద్యోగం దొరికింది. నేను నింపిన సీసాలు సైకిలు మీద తీసుకుపోయేదీ, వాటి లెక్క కాగితాల మీద రాసి సంతకం పెట్టేదీ అదే.

*

యంత్రాన్ని నాకు చూపించింది కూడా మేడమే. గుట్ట కొసన తాటిచెట్టుకు రెండింతలున్న ఇనుప స్తంభం. దాని తలకు సాలెగూడులా తీగలు. దాని పేరు మేఘశోధని అని బోర్డు మీద రాశారు. మబ్బు దగ్గరికి రాగానే తీగలు సన్నగా ఈల వేశాయి. మబ్బు అంచు ఒకటి, పాలలో విరుగు పడ్డట్టు, ముద్దగా నల్లగా అయి కిందికి జారింది. గుట్ట వెనకాల పాత రాళ్ళ క్వారీ మీద అయిదు నిమిషాలు కుండపోత కురిసింది. మిగిలిన మబ్బు తేలికపడి మా పొలాల మీదికి సాగింది. మేడం ఒక గాజు గ్లాసులో ఆ రెండో వాన పట్టి తాగి చూపించింది.

ఎలా ఉంది కొమురవ్వా అని అడిగింది. కళ్ళు మెరుస్తున్నాయి. పదేళ్ళ కష్టమట అది.

నాకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. మురికి నీళ్ళు ఓ పక్కకు పిండితే బట్ట తేటపడుతుంది. వాళ్ళు పిండుతున్నది మబ్బును, అంతే తేడా.

"మంచిగున్నది మేడం. గని పిండిన నీళ్ళు ఎప్పటికీ ఈన్నే పోస్తరా?"

అది ఒట్టి రాతినేల అని, అక్కడ పాడవడానికి ఏమీ లేదని ఆమె చెప్పింది. ఆ రోజు ఆమె ఆ మాట నమ్మే చెప్పింది.

రెండు వానాకాలాలు మంచిగా గడిచాయి. స్తంభం చుట్టూ ఉన్న పదమూడు ఊళ్ళలో పత్తి విరగపూసింది. చిక్కుడాకు మచ్చ లేకుండా వచ్చింది. కప్పలు మళ్ళీ అరిచాయి, ఇన్నాళ్ళు మూసుకున్నదంతా ఒకేసారి తీర్చుకున్నట్టు. నా తీగ మీద చీరలు చీరల్లాగే ఉన్నాయి. మా ఆడబిడ్డ లచ్చవ్వ అయితే స్తంభానికి దణ్ణం పెట్టి వచ్చింది. దానికి బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియలేదని ఊరంతా చెప్పుకు నవ్వింది.

మూడో ఏడు ఎండాకాలంలో క్వారీ రాయి పగిలింది. ఆ పులుపు రాతిని కూడా కొరికింది. నీళ్ళు కింది తండా బావిలోకి ఊరాయి. రెండు బర్రెలు చచ్చాక ఆ బావి మూసేశారు. ఇక పిండిన నీళ్ళకు కొత్త చోటు కావాలి.

*

ప్రయోగశాల పెద్ద, రంగనాథం సారు, పటం పట్టుకుని మా పంచాయతీకి వచ్చాడు. ముప్ఫై వాగుల నీళ్ళు రెండేళ్ళు పరీక్షించారట. అన్నింట్లోకీ మా తంగెళ్ళవాగుకే పులుపును విరిచే గుణముందట. నూట నాలుగు వారాల లెక్కల్లో ఒక్క వారం కూడా తప్పలేదట. వచ్చే మృగశిర నుంచి మబ్బుల పులుపంతా మా వాగు మొగదల దింపుతారట. వాగు దాన్ని అరిగించుకుంటుంది, ఊరికి ఏ నష్టమూ ఉండదు, పైగా పదమూడు ఊళ్ళను కాచిన ఊరని మా పేరు నిలిచిపోతుంది అన్నాడు.

సర్పంచి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. జనం చప్పట్లు కొట్టారు. లచ్చవ్వ నా చెవి దగ్గరికి వంగింది.

"మన వాగుకు గింత గుణమున్నదని మనకే తెల్వకపాయె వదినె. మా అన్నకు గూడ గిట్లనే, సచ్చినంక దొరికినయ్ నీకు గుణాలు."

నేనూ నవ్వాను. గర్వంగా ఉంది కూడా. ఆ నీళ్ళు పట్టింది నేనే కదా.

నాలుగు రోజులకు రేవులో గాజుపెంకు తగిలి నా మడమ తెగింది. పసుపు వేద్దామని చూస్తే గిన్నెలన్నీ తోమి బయట బోర్లించి ఉన్నాయి. గూట్లో ప్రయోగశాల సీసా ఒకటి కనిపించింది, బుధవారానికి కడిగి పెట్టుకున్నది. అందులో ఇన్ని నీళ్ళు పోసి, పసుపు వేసి ఆడించాను.

పసుపు ఎర్రబడింది.

పెళ్ళికూతురికి దిష్టి తీయడానికి పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళవుతాయి. అది చిన్నపిల్లకు కూడా తెలుసు. సున్నమైనా చౌడైనా పసుపుకు ఒకటే. కానీ ఈ సీసాలో సున్నం లేదు. సీసాను వెలుతురుకు పట్టి చూశాను. లోపలి గాజుకు పొగమంచులాంటి తెల్లటి పొర.

చెంబుతో వాగు నీళ్ళు తెచ్చి అందులో పసుపు వేశాను. పసుప్పచ్చగానే ఉంది. గూట్లో ఉన్న రెండో సీసాలో అవే వాగు నీళ్ళు పోసి పసుపు వేశాను. ఎర్రగా మారింది.

మడమ సంగతి మర్చిపోయాను.

కడగొద్దని మేడం చెప్పింది. నేను సరే అన్నాను. కానీ ఒక మనిషి చేతికి మనం ఇచ్చే పాత్ర కడగకుండా ఎలా ఇస్తాం? అదీ చాకలిదాని ఇంటి నుంచి పోయే పాత్ర. మొదటి వారమే ఆ సీసాలను చౌడు తేట పోసి ఆడించి, బోర్లించి ఆరబెట్టాను. మెరిసిపోయాయి. రెండో వారం ఇంకా బాగా తోమాను. మేడం చెప్పినట్టు మూడుసార్లు తొలవడం మాత్రం మానేశాను, అంత శుభ్రం చేసిన సీసాను మళ్ళీ వాగు నీళ్ళతో ఎందుకు మురికి చేయాలని. నూట నాలుగు వారాలు అలాగే పంపాను. వాళ్ళు కొలిచింది మా వాగు గుణం కాదు. మూడు కోసుల అవతలి చౌట భూముల గుణం. ఆ గుణం చూసుకుని మా మీద ఆకాశమంత పులుపు పోయబోతున్నారు.

*

సరూప అన్నం తింటుండగా చెప్పాను. సీసాలు నేను కడిగానని. ఏ సీసాలని అడిగింది. అన్నీ అన్నాను. దాని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"కడగొద్దని చెప్పిన్రు గదనే."

"చెప్పిన్రు. నా చెయ్యి ఇనలే."

తలుపు వైపు చూసింది. తర్వాత మెల్లగా, ఎవరో వింటారన్నట్టు మాట్లాడింది. ప్రతి కాగితం మీదా నియమం ప్రకారం పట్టిన నీళ్ళు అని రాసి తాను సంతకం పెట్టిందట. నేను రోజు కూలీ మనిషిని గనక పట్టినవారి పేరు దగ్గర కూడా తన పేరే రాసిందట. ఇప్పుడు తప్పని తేలితే తప్పు తనదే. ఉద్యోగం పోవడమొక్కటే కాదు, దొంగలెక్క రాసిందని ఇంకెక్కడా చేర్చుకోరు. ఇన్నాళ్ళూ తాత్కాలికం. యంత్రం కొత్త చోట మొదలైన మర్నాడే ఉద్యోగం ఖాయం చేసే కాగితం వస్తుందని సారు మాట ఇచ్చాడు.

"వాగుకు ఏం గాదు అవ్వా. ఎంతో కొంత ఆగుతది. నువ్వు నోరు మూసుకోని ఉండు."

"ఆగదు బిడ్డా. పసుపు పచ్చగనే ఉన్నది."

"పసుపు. నీ పసుపు మీద నా నౌకరి పోవాల్నా?"

కంచం పక్కకు నెట్టి లేచిపోయింది. దాన్ని తప్పుపట్టలేదు. ఆ ఉద్యోగం కోసం అది ఎన్ని ఊళ్ళు తిరిగిందో నాకు తెలుసు. మొదటి జీతంతో నాకు కళ్ళద్దాలు తెచ్చింది. వాటితోనే అక్షరాలు నేర్చుకున్నాను. కానీ అది చదివిన చదువంతా ఆ వాగు నీళ్ళలో నా మోకాళ్ళు నానబెట్టి చదివించిందే. వాగును ఇచ్చేసి కూతురి ఉద్యోగం దక్కించుకుంటే, రేపు దాని పిల్లలకు ఏ నీళ్ళు పోయాలి?

మర్నాడు ఒక్కదాన్నే గుట్ట ఎక్కాను. మేడం ముందు చెంబులో, సీసాలో పసుపు వేసి చూపించాను. ఆమె ముఖం పాలిపోయింది. వెంటనే జీపు తీసి, వాగుకు పోయి తన చేత్తో నీళ్ళు పట్టి తెచ్చి పరికరంలో పెట్టింది. చూసి కళ్ళు మూసుకుంది. ఇంత మెత్తటి నీళ్ళా, పులుపును విరిచే గుణమే లేదు అని తనలో తాను అనుకుంది. మొదటి పెద్ద వానకే వాగు చచ్చిపోతుందని, చేపలతో మొదలై బావుల దాకా పోతుందని, రెండేళ్ళలో ఊరు ఖాళీ చేయాల్సి వస్తుందని చెప్పింది.

ఇద్దరం రంగనాథం సారు గదిలోకి పోయాం. ఆయన విన్నాడు. విని, ఒక్క సీసాతో రెండేళ్ళ లెక్క తారుమారు కాదన్నాడు. మళ్ళీ లెక్క తీయాలంటే ఇంకో వానాకాలం పోతుంది. పదిహేను రోజుల్లో మబ్బులొస్తాయి. స్తంభం ఆగితే పన్నెండు ఊళ్ళ పత్తి మాడిపోతుంది. చదువురాని ఆడమనిషి మాట మీద అంత పని చేయలేనన్నాడు.

"చదువొచ్చింది సారూ. మీ సీసాల మీదనే నేర్చుకున్న" అన్నాను.

అప్పుడు ఆయన కొంచెం మెత్తబడి, సరే నువ్వే చెప్పు, ఆ పులుపు ఎక్కడ దింపమంటావ్ అని అడిగాడు. నేను కిటికీలోంచి ఉత్తరానికి చెయ్యి చూపించాను. నాలుగు పొగగొట్టాలు. వాటి పక్కన బూడిద చెరువులు. ఆ చెరువుల్లో పాడవడానికి ఏమీ మిగల్లేదు. అది అయ్యే పనేనా అని మేడం వైపు చూశాను. ఆమె తల దించుకుని, అవుతుంది, స్తంభం తల తిప్పాలంతే అంది. సారు ఆమెను కోపంగా చూశాడు. అక్కడ అధికారుల ఇళ్ళున్నాయని, పిల్లలున్నారని అన్నాడు.

"ఈడున్నయి గూడ పిల్లలే సారూ, చేపలు గాదు. పొయ్యి ఎవలదో బూడిద వాళ్ళే ఎత్తాలె."

ఆయన గంట కొట్టి నన్ను బయటికి పంపించాడు.

గేటు దాకా మేడం వచ్చింది. నాకు మాత్రమే వినపడేలా ఒక సంగతి చెప్పింది. వాగును ఎంచుకోవడానికి అనుమతి ఇచ్చింది ఆ నూట నాలుగు కాగితాలు చూసే. తను ఎంత అరిచినా, నేను ఎంత అరిచినా అవి చెక్కుచెదరవు. సంతకం పెట్టిన మనిషి తన సంతకం తానే కొట్టేసి, కారణం పక్కన రాస్తేనే అనుమతి రద్దవుతుంది. ఆ మనిషి ఎవరో నాకు చెప్పక్కర్లేదు.

నేను సరూపను బతిమాలలేదు. ఊరి ముందు నిలబడి తప్పు నాదని మాత్రం చెప్పాను. నానా మాటలన్నారు. సీసా కడగడానికి కూడా తెలివి లేనిదానికి ఊరి నీళ్ళు అప్పగించామన్నారు. కడగడానికే తెలివి ఎక్కువైంది అంది లచ్చవ్వ, నా వైపు నుంచో వాళ్ళ వైపు నుంచో తెలియలేదు. సర్పంచి పెద్ద ఆఫీసుకు పోయి వచ్చాడు. కాగితం మీద తప్పు ఉంటే కాగితం మీదే చూపించమన్నారట. సరూప అదంతా విన్నది. పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. పొద్దున పోయేది, సాయంత్రం వచ్చేది.

*

ఆ రోజు పొద్దున్నే ఉత్తరం నుంచి మబ్బు లేచింది. ఊళ్ళో వాళ్ళను ఆ పూటకు బడి భవనంలో ఉండమన్నారు. గుట్ట మీద పందిరి వేశారు, ప్రారంభం చూడడానికి పెద్దమనుషుల కార్లు వచ్చాయి. నేను బడికి పోలేదు. గుట్ట ఎక్కి యంత్రం గది మెట్ల మీద కూర్చున్నాను. వాచ్‌మన్ లేవమన్నాడు. నన్ను లేపాలంటే ఎత్తుకుపోవాలన్నాను. అతను నా బరువు చూసి ఆలోచనలో పడ్డాడు.

తీగలు ఈల మొదలుపెట్టాయి. మబ్బు ఇంకో అరగంట దూరంలో ఉంది.

తలుపు తెరుచుకుంది. సరూప వచ్చింది. చేతిలో తాడుతో కట్టిన కాగితాల కట్ట. నా పక్కన మెట్టు మీద కూర్చుని తాడు విప్పింది. జేబులోంచి రెండు పెన్నులు తీసింది.

"నా పేరు నేను కొడత. పక్కన నీ పేరు నువ్వు రాయి. కడిగినవని రాయి. నేనొక్కదాన్నే మోసుడు నాతోని గాదు."

మొదటి కాగితం మీద తన సంతకం అడ్డంగా కొట్టి నా ఒళ్ళో పెట్టింది. నేను రాశాను. కొమురవ్వ. సీసా చౌడుతో కడిగిన. ఈ నీళ్ళు లెక్కకు రావు.

అది కొట్టడానికి ఒక క్షణం. నాకు రాయడానికి మూడు నిమిషాలు. అది పది కాగితాలు ముందుకు పోయి నా కోసం ఆగేది. రంగనాథం సారు పరుగున వచ్చాడు. ముందు సరూపను బెదిరించాడు, తర్వాత బుజ్జగించాడు. అది తలెత్తలేదు. వాచ్‌మన్‌ను పిలిచి కాగితాలు లాక్కోమన్నాడు. అప్పుడు వైదేహి మేడం గదిలోంచి బయటికి వచ్చి తలుపు మూసి, యంత్రం తాళంచెవి పిడికిట్లో పట్టుకుని మెట్ల మీద నిలబడింది. లెక్కలు దిద్దుతున్నారు, దిద్దడం అయ్యేదాకా యంత్రం నడపడం నియమం కాదు అంది. సారు చెయ్యి చాపినా తాళంచెవి ఇవ్వలేదు. పందిరి కింద కుర్చీల్లోని పెద్దమనుషులు ఏం జరుగుతోందని అడగడం మొదలుపెట్టారు. అంతమంది ముందు ముగ్గురు ఆడవాళ్ళ మీద చెయ్యి వేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

పది కాగితాలయ్యాక సారు దగ్గి, చాలు, అనుమతి ఎలాగూ పోయింది, మిగతావి తర్వాత చూద్దాం అన్నాడు.

"నూట నాలుగు వారాలు తప్పు చేసిన సారూ. నూట నాలుగు మాట్ల దిద్దుత. పది దిద్ది పోతే మిగిలినయి పట్టుకోని మల్ల వస్తరు మీరు."

ఆయన చూపు మిగిలిన కట్ట మీదికి పోయింది. అంటే నేను అనుకున్నది నిజమే.

మబ్బు మా తల మీదికి వచ్చింది. ఎవరూ పిండలేదు. ఉన్నదున్నట్టు, పులుపంతా కడుపులో పెట్టుకుని, మా మీదా, పందిరి మీదా, కార్ల మీదా, పదమూడు ఊళ్ళ మీదా సమానంగా కురిసింది. వాన కాగితాల మీద పడకుండా సరూప తన వీపు అడ్డం పెట్టింది. నేను పన్నెండో కాగితం దగ్గర ఉన్నాను. చివరిది రాసేసరికి పొద్దు నెత్తి మీది నుంచి పడమటికి వాలింది. పెద్దమనుషులెవరూ లేరు.

*

సరూప ఉద్యోగం ఆ వారమే పోయింది. మేడంను దూరపు ఊరికి బదిలీ చేశారు. పోయేముందు ఇంటికి వచ్చి, స్తంభం తల తిప్పడానికి ఆరు బోల్టులు విప్పితే చాలని, ఏ బోల్టు ఎక్కడుందో సరూపకు బొమ్మ గీసి ఇచ్చింది. తిప్పమని చెప్పే అధికారం ఎవరికుందో కూడా రాసి ఇచ్చింది.

వాగు బతికింది. ఆ మాట గట్టిగా చెబుతాను. కానీ ఆ వానాకాలం అందరికీ పుల్లటిదే. మా చిక్కుళ్ళూ మాడాయి. పన్నెండు ఊళ్ళ పత్తి ఆకు చుట్టుకుపోయింది. నా మీద శాపనార్థాలు కోసుల దూరం నుంచి వినపడేవి. ఒకరోజు ఒడ్డుగూడెం నుంచి భూదేవి అనే ఆమె ట్రాక్టరులో పదిమంది ఆడవాళ్ళను ఎక్కించుకుని వచ్చింది. మూడెకరాల పత్తి మాడినామె. నా వాకిట్లో నిలబడి, నీ ఊరొక్కటి బతకడానికి పన్నెండు ఊళ్ళ నోట్లో మన్ను కొట్టినవని మొదలుపెట్టి, మా ఏడు తరాలనూ తిట్టింది. మధ్యలో దాహమైతే నీళ్ళడిగి తాగి మళ్ళీ తిట్టింది.

నేను తల వంచలేదు. ఆమె అలిసిపోయాక చెప్పాను. నీ పత్తి పోయింది, నిజం. నా చేతి తప్పుతోనే మొదలైంది, అదీ నిజం. కానీ మా ఊరు చచ్చి నీ పత్తి బతికితే, మా వాగు నిండిన ఏడు వాళ్ళు ఇంకో వాగు వెతుకుతారు. ముప్ఫై వాగుల జాబితాలో మాది మొదటిది. మీ ఒడ్డుగూడెం వాగు రెండోది. నూట నాలుగు కాగితాలు దిద్దేటప్పుడు ఆ జాబితా కూడా చూశాను, ఇప్పుడు చదవడం వచ్చు కదా.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. వెనకున్న ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. రెండోది మాదేనా అని ఒకామె మళ్ళీ అడిగింది. అవునన్నాను. మబ్బును పిండడం తప్పు కాదు, పొగ ఎవరిదో వాళ్ళ చెరువులోనే పిండాలి, ఆరు బోల్టుల పని అన్నాను.

సరూప ఇంట్లోంచి తెల్లకాగితాల దస్తా, పెన్ను తీసుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆ రోజు మెట్ల మీద తర్వాత నాతో నోరు విప్పడం అదే మొదలు.

"అవ్వా, పైన ఏం రాయాలె? విన్నపమని రాయాల్నా?"

"విన్నపమెందుకే. తిప్పుండ్రి అని రాయి."

రాసింది. పదమూడు ఊళ్ళ పేర్లు వరసగా కింద వేసింది. ఆ తర్వాత మనుషుల పేర్లకు చోటు వదిలింది. ముందు ఎవరు పెడతారని తలెత్తి చూసింది. తర్వాత భూదేవి వచ్చి, నా పక్కనే, నన్ను జరగమని భుజంతో నెట్టి కూర్చుంది.

"ముందుగాల నా పేరు రాయి బిడ్డా" అంది సరూపతో. తర్వాత నా వైపు తిరిగింది. "నిన్ను తిట్టుడు ఇంక అయిపోలే."